తాండ్రలో కాసులపేరు

గవ్వలలంకలో ఎవరికైనా తెలివి కావాలంటే గవర్రాజు ఇంటికే వెళ్ళాలి. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, గవర్రాజే అన్నాడు. వాడి పెళ్ళాం బుల్లెమ్మ అవునంది. వాడి అక్క నూకరత్నం కూడా అవునంది. ముగ్గురు మనుషులు ఒక మాట మీద ఉంటే అది నిజం కాక ఏమవుతుందని మళ్ళీ వాళ్ళే అన్నారు. ఆ ఇంట్లో నాలుగో మనిషి లేడు గనక కాదనేవాడూ లేడు.

వాళ్ళ తెలివి ఎలాంటిదో ఒక్కటి చెప్తాను. సంతలో 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని రాసిన రేకు బోర్డు చవగ్గా దొరికితే గవర్రాజు కొనుక్కొచ్చి గేటుకి కట్టాడు. కట్టాక బుల్లెమ్మకి బెంగ పట్టుకుంది.

"ఏవండీ, మనకి కుక్క లేదు కదా? గుమ్మంలో అబద్ధం వేలాడుతుంటే ఇంటికి మంచిదేనా?"

"కుక్కని తెస్తే దానికి తిండి ఎవడు పెడతాడే?"

"మీకు ఎలాగూ పెడుతున్నానుగా!"

అంతే. ఆ రోజు నించీ పొద్దున్నా సాయంత్రం గేటు దగ్గర నిలబడి గవర్రాజే మొరుగుతాడు. అబద్ధం తప్పింది.

వాళ్ళది మామిడి తాండ్ర పని. వేసవి రాగానే వాకిలి నిండా చాపలు పరిచి, బెల్లం కలిపిన రసం పోసి, అది ఎండాక దాని మీద ఇంకో పొర, అదీ ఎండాక ఇంకో పొర, అలా మందం వచ్చేదాకా పోస్తారు. తరవాత దిమ్మలుగా కోస్తారు. తాండ్ర బాగానే చేస్తారు. ఒక యేడు నాకు పీచు తాండ్ర అంటగట్టారు, అది నేను మర్చిపోలేదు. అయినా ఉన్నమాట చెప్పాలి గనక చెప్తున్నాను.

నూకరత్నం మొగుడు కూడా ఆ పనివాడే. ప్రతి వేసవీ తాండ్ర అమ్మాక ఒక బంగారు కాసు తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టేవాడు. అలా వేసవి వెంట వేసవి పోగై కాసులపేరు అయ్యింది. పేరు పూర్తయింది, ఆయన పోయాడు. పిల్లలు లేరు. నూకరత్నం ఆ కాసులపేరు పట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసింది. లోకంలో ఆవిడకి నాది అని చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే.

తమ్ముడూ మరదలూ చెడ్డవాళ్ళు కారు. వేళకి పెడతారు. కాకపోతే తిన్నావా అని అడగరు. "ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని తిన్నావా అని అడగడం తెలివైనవాడి పనేనా?" అని గవర్రాజు వాదన. మొగుడు పోయిన దగ్గర్నించీ ఆ మాట ఎవరి నోటా వినక ఆవిడకి చెవులు ఎండిపోయాయి.

అందుకని ఒక రోజు ఫోన్ల కొట్టువాడి దగ్గరికి వెళ్ళి, "బాబూ, పెళ్ళి కాకపోయినా ఫరవాలేదు, పలకరించేవాళ్ళు ఉంటే చాలు, ఈ ఫోనులో దొరుకుతారా?" అని అడిగింది. వాడు వయసు మళ్ళినవాళ్ళకి తోడు వెతికిపెట్టే యాప్ ఒకటి ఎక్కించి, ఆవిడ ఫొటో తీసి పెట్టాడు. ఆవిడ ఆ ఫొటోకి కాసులపేరు వేసుకుని కూర్చుంది. ఇంకేముంది! సాయంత్రానికల్లా ఒకాయన పలికాడు.

కెప్టెన్ ప్రతాపవర్మ. తెల్ల బట్టలు, టోపీ, వెనకాల సముద్రం. పెళ్ళాం పోయిందిట. ఓడ మీద ఒంటరిగా తిరుగుతున్నాట్ట. గొంతు మాత్రం పానకమే. మొట్టమొదట అన్నమాట ఏమిటో తెలుసా? "తిన్నారా రత్నం గారూ?"

ఆ పూట నూకరత్నం రెండుసార్లు అన్నం తింది. మళ్ళీ అడిగితే మళ్ళీ తిన్నానని చెప్పాలిగా.

కొన్నాళ్ళు తిన్నారా, పడుకున్నారా అయ్యాక కెప్టెన్ గొంతు మెత్తగా చేసి, "నా గుండె మీ దగ్గరే వదిలేశానండీ" అన్నాడు. నూకరత్నం గుండెలు బాదుకుంటూ బయటికి పరిగెత్తింది.

"ఒరే గవర్రాజూ! కెప్టెన్ గారు ఆయన గుండె మనింట్లో వదిలేశారుటరా!"

"మనింటికి ఎప్పుడొచ్చాడు?"

"రాలేదురా."

"రాకుండా వదిలేశాడంటే బాగా పారేసుకునే రకం అన్నమాట."

ముగ్గురూ వెతికారు. బియ్యం డ్రమ్ములో చూశారు, అటక మీద చూశారు, చాపలు దులిపారు. బుల్లెమ్మ ఆగి అడిగింది. "వదినా, గుండె లేకుండా ఆయన ఓడ ఎలా నడుపుతున్నాడంటావు?"

"ఓడ నడిపేది చేతుల్తోనే పిచ్చిదానా," అన్నాడు గవర్రాజు.

ఆఖరికి నూకరత్నం ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది. "కెప్టెన్ గారూ, ఇల్లంతా వెతికామండీ, మీ గుండె ఇక్కడ లేదు. ఓడలో మంచం కింద ఓసారి చూసుకోండి." అవతల చాలాసేపు మాట లేదు. పాపం, చూసుకుంటున్నాడు కాబోలు అనుకున్నారు.

ఇలా ఉండగా ఊళ్ళో బ్యాంకువాళ్ళు మీటింగు పెట్టారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళని ఫోనులో ప్రేమ మాటలు చెప్పి దోచేస్తున్నారు, జాగ్రత్త అని ఆ మీటింగు. బిస్కెట్లు మెత్తబడిపోయాయి, టీ నీళ్ళు, అది వేరే సంగతి. మేనేజరు సుభాషిణమ్మ మాత్రం శుభ్రంగా చెప్పింది.

"ఇలాంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. అడగ్గానే ఇచ్చెయ్యకండి, ఒక నిద్ర తీసి ఆలోచించుకోండి. ముఖం చూడని మనిషికి డబ్బు పంపకండి. అనుమానం వస్తే నాకు చెప్పండి."

గవర్రాజు ఒక్కో మాటకీ ఒక్కో వేలు ముడుచుకుని, ముడుచుకున్న వేళ్ళతోనే ఇంటికి వచ్చాడు. దారిలో చెప్పు తెగినా వేలు విప్పలేదు.

మర్నాడు ఎండ మండిపోతుండగా కెప్టెన్ ఫోను. వాకిట్లో చాపల నిండా తాండ్ర. నూకరత్నం ఫోను తియ్యగానే గవర్రాజు ఒక చెంప, బుల్లెమ్మ ఒక చెంప ఆవిడ చెంపలకి ఆనించి కూర్చున్నారు.

"రత్నం గారూ, ఒంటరిగా ఉన్నారా?"

"ఒంటరిగానే ఉందండీ," అన్నాడు గవర్రాజు. "మేమిద్దరం పక్కనే ఉండి చూస్తున్నాం. ఎవ్వరూ లేరు."

కెప్టెన్ గొంతు సవరించుకుని, తన సామాను రేవులో కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారనీ, సుంకం కడితేగానీ ఓడ దిగనివ్వరనీ, దిగితే నేరుగా గవ్వలలంకే వస్తాననీ, డబ్బు ఈ నిమిషమే పంపాలనీ చెప్పాడు. "నా ప్రాణం మీ చేతుల్లో ఉంది రత్నం గారూ!"

"అయితే చేతులు కడుక్కోకు వదినా," అంది బుల్లెమ్మ కంగారుగా.

గవర్రాజు రెండో వేలు చూసుకున్నాడు. "ఒక నిద్ర తియ్యాలి బాబూ. ఫోను పెట్టెయ్యకండి, ఇప్పుడే వస్తాం." అంతే. ముగ్గురూ అరుగు మీద వరసగా పడుకుని గుర్రు పెట్టారు. ఇంకేముంది, పడమట మబ్బు లేచింది. టపటపా వాన. తాండ్ర చాపల మీంచి కారి కాలవలోకి పోయింది. చేపలు ఆ పూట పండగ చేసుకున్నాయి. లేచి చూస్తే వాకిలి కడిగినట్టుంది.

"పోతే పోయింది. ఆలోచించాం కదా, ఏం తేలింది?" అన్నాడు గవర్రాజు.

"నేను నిద్రే తీశాను. ఆలోచన మీ వంతు అనుకున్నాను," అంది బుల్లెమ్మ.

"నా నిద్రలో ఆలోచన రాలేదురా, మీ బావ వచ్చారు," అంది నూకరత్నం.

"ఏమన్నాడు?"

"వాన వస్తోంది, చాపలు తియ్యి అన్నారు."

"చూశావా, అసలు సంగతి మాట్లాడకుండా ఏదో ఒకటి అడ్డం పెడతాడు!" అని గవర్రాజు చచ్చిపోయిన బావ మీద కోప్పడ్డాడు.

ఇక మూడో వేలు. ముఖం. కెప్టెన్ ఫొటో పంపాడు. గవర్రాజు ఒప్పుకోలేదు. ఫొటో ఫొటోయే, ముఖం ముఖమే. పైగా సంబంధం అన్నాక పెళ్ళిచూపులు లేకుండా ముఖం చూడడం ఏం మర్యాద? "వీడియోలో రండి, పద్ధతి ప్రకారం చూస్తాం" అన్నాడు. కెప్టెన్ వద్దన్నాడు, సిగ్నల్ లేదన్నాడు, తుఫాను అన్నాడు. ఆఖరికి సరే అన్నాడు.

మంచి రోజు చూశారు. కుర్చీ మీద ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద దిండు వేసి, దిండుకి ఆనించి ఫోనుని కూర్చోబెట్టారు. బుల్లెమ్మ ఫోను నుదుట బొట్టు పెట్టింది. అద్దం మీద ఎర్రగా నిలిచింది. నూకరత్నం పట్టుచీర కట్టుకుని, కాసులపేరు వేసుకుని, తల వంచుకుని కూర్చుంది. వీడియో వెలిగింది. టోపీ, తెల్ల బట్టలు, వెనకాల సముద్రం. ఆ దొంగవెధవ ఫొటోనే తెచ్చి కెమెరా ముందు పెట్టి వెనకనించి మాట్లాడుతున్నాడు.

"రెప్ప వెయ్యట్లేదేమిటండీ?" అంది బుల్లెమ్మ.

"ఓడ పని. రెప్ప వేస్తే గుద్దేస్తుంది. బాబూ, తప్పుగా అనుకోకండి, అబ్బాయి నడక చూడాలి. ఓసారి లేచి నడవండి."

అవతలివాడు ఫొటోని ఇటూ అటూ జరిపాడు.

"కాళ్ళు కదలకుండా నడుస్తున్నాడు!"

"ఓడ నడుస్తుంటే ఆయన నడవడం దేనికే?"

బుల్లెమ్మ కాఫీ తెచ్చింది. తీసుకోండి అంది. తీసుకోలేదు. మళ్ళీ తీసుకోండి అంది. "మొహమాటపడుతున్నాడు. మనం పట్టించాలి," అని గవర్రాజు గ్లాసు అందుకుని, ఫోను అడుగున మాట వచ్చే చిల్లులు ఉంటాయే, అది నోరు కదా అని, అందులో పోశాడు. వేడివేడిగా. ఫోను గుడగుడమంది. ముఖం చారలు చారలుగా అయ్యింది. కెప్టెన్ గొంతు బుడబుడమంటూ, "హలో... బుళ్... రత్నం... బుళుక్..." అని వచ్చింది.

"ఆహా, వినండి! సముద్రం చప్పుడు!" అని ముగ్గురూ చేతులు జోడించారు. నూకరత్నం అంత దూరం నించి సముద్రం వినడం అదే మొదలు.

కుర్రాళ్ళ పెళ్ళిచూపులు కూడా ఇంత బాగా జరగవని గవర్రాజు అన్నాడు. ముఖం చూశారు. ఇక పంపకపోతే మేనేజరమ్మ మాట కాదన్నట్టు అవుతుంది. కానీ పంపడానికి డబ్బేదీ? తాండ్ర కాలవలో పోయింది.

ఫోను ఎండలో ఆరాక గవర్రాజు ఆ మాటే చెప్పాడు. అవతల కెప్టెన్, "డబ్బు లేకపోతే పోనీండి. ఫొటోలో మెడలో ఉన్న ఆ కాసులపేరు పంపండి. రాగానే నేనే మీ మెడలో వేస్తాను," అన్నాడు.

"అదీ పద్ధతే. మేనేజరమ్మ డబ్బు పంపొద్దంది గానీ బంగారం మాట ఎత్తలేదు," అన్నాడు గవర్రాజు.

నూకరత్నం గదిలోకి వెళ్ళి పేరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కో కాసూ తడిమింది. ఇది గాలివాన వచ్చిన యేడు. ఇది కాయ సరిగ్గా కాయని యేడు, ఆ వేసవి ఆయన చెప్పులు కొనుక్కోకుండా ఇది తెచ్చారు. బుల్లెమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇవ్వాలని లేకపోతే మానెయ్యి వదినా."

"ఇవ్వకపోతే రేపటినించీ తిన్నావా అని అడగడే బుల్లెమ్మా."

బుల్లెమ్మ, "అన్నం తింటావా?" అనబోయి, ఇప్పుడే తిన్నారు గదా అని ఊరుకుంది. నూకరత్నం లేచి పేరు తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టింది.

కెప్టెన్ జాగ్రత్తలు చెప్పాడు. "ఎవరికీ కనపడకూడదు. ఎవరికీ అంటే ఎవరికీ! కొరియరువాడు అడిగితే తాండ్ర అని చెప్పండి."

"అలాగే బాబూ. తాండ్ర అని చెప్తే అందులో తాండ్ర ఉండాలి కదా."

"ఏదో ఒకటి ఏడవండి... అంటే, ఏదో ఒకటి చెయ్యండి."

ఇంకేముంది! కొత్త రసం తీశారు. చాపలన్నిటి మీదా పొర పోశారు. ఒక చాపలో దాని మీద కాసులపేరు చుట్ట చుట్టి పడుకోబెట్టి, పైన ఇంకో పొర. ఎండాక ఇంకో పొర. కెప్టెన్ రోజూ ఫోను చేసి, పంపారా, పంపారా అని ప్రాణం తీశాడు. "ఎండని తొందర పెట్టలేం బాబూ. కావాలంటే మీరే ఓసారి చెప్పి చూడండి," అని గవర్రాజు ఫోనుని సూర్యుడి వైపు తిప్పి పట్టుకునేవాడు.

తాండ్ర మందం కట్టింది. కాసు కనపడదు.

"ఎవరికీ కనపడకూడదంటే మనకీ కనపడకూడదన్నమాటే," అన్నాడు గవర్రాజు. అందుకని ముగ్గురూ కళ్ళకి గుడ్డలు కట్టుకుని, తాండ్ర దిమ్మలుగా కోసి, మిగతా చాపల దిమ్మల్లో కలిపి, బాగా తారుమారు చేసి, అప్పుడు గుడ్డలు విప్పారు. గది నిండా దిమ్మలు, అన్నీ ఒకే తీరు. కాసులపేరు దేంట్లో ఉందో వాళ్ళ ముగ్గురికే కాదు, దాన్ని చేసిన కంసాలి వచ్చినా చెప్పలేడు. అది చూసి గవర్రాజుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఎంత గొప్పగా దాచామే!" అన్నాడు.

ఒక దిమ్మ కొరియరులో పంపారు. అందగానే కెప్టెన్ ఫోను.

"నగ ఏది? కోసి చూశాను, ఏమీ కనపడలేదు!"

"మీకు కూడానా?" అన్నాడు గవర్రాజు సంతోషం పట్టలేక. "అక్కా, కెప్టెన్ గారికి కూడా కనపడలేదుట! పని అచ్చంగా ఆయన చెప్పినట్టే జరిగింది."

"ఓరి నీ... అసలు అందులో ఉందా?"

"ఉంటే ఉంది, లేకపోతే ఇంకో దాంట్లో ఉంది. ఇంకోటి పంపమంటారా?"

ఇంకోటి పంపారు. మరోటి పంపారు. కెప్టెన్ ఇంటి నిండా తాండ్ర, కాసు లేదు. ఆఖరికి అత్యాశ వాడిని నిలవనివ్వలేదు. ఒక రోజు పొద్దున్నే గేటు దగ్గర ఆటో ఆగింది. బట్టతల, బొద్దు ఒళ్ళు, బిగుతు చొక్కా వేసుకున్న నడివయసు మనిషి దిగాడు. గవర్రాజు మొరిగి, ఆపి, "రండి" అన్నాడు.

"నేను కెప్టెన్ గారి అసిస్టెంటుని. మిగిలిన తాండ్ర అంతా నాకు ఇచ్చి పంపమన్నారు."

"అంతా ఇవ్వడం కుదరదండీ. కొంత రాజమండ్రి షావుకారుకి మాటిచ్చాం. మీకు కావలసింది కాసులపేరున్న దిమ్మే కదా?"

"సరే, కత్తి ఇవ్వండి, కోసి చూసుకుంటాను."

గవర్రాజు కత్తి వెనక్కి లాక్కున్నాడు. "అయ్యయ్యో! కోస్తే కనపడిపోతుంది. ఎవరికీ కనపడకూడదని కెప్టెన్ గారి మాట. తినండి. తింటే నోట్లో తగుల్తుంది, కంటికి కనపడదు."

ఆ మనిషి గవర్రాజు ముఖం చూశాడు, వేళాకోళం లేదు. బుల్లెమ్మ ముఖం చూశాడు, అక్కడా లేదు. గది నిండా ఉన్న దిమ్మలు చూశాడు. కూర్చున్నాడు. తినడం మొదలెట్టాడు. అంతే.

తిన్నాడు, తిన్నాడు. మధ్యాహ్నానికి చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది. గవర్రాజు పక్కన కూర్చుని, "దిమ్మ పూర్తిగా తినండి, అంచు వదిలెయ్యకండి, అంచులో ఉంటేనో?" అని మర్యాద చేస్తున్నాడు. అప్పుడు వాడికి నాలుగో వేలు గుర్తొచ్చింది.

"ఒసే, అనుమానం వస్తే చెప్పమంది మేనేజరమ్మ. మనకి అనుమానం ఏమైనా వచ్చిందా?"

"నాకైతే రాలేదండీ."

"నాకూ రాలేదు. పాపం ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది. రాలేదని చెప్పి రా."

బుల్లెమ్మ చీర దులుపుకుని బ్యాంకుకి వెళ్ళింది. వరస తప్పించుకుని మేనేజరు బల్ల ముందు నిలబడింది. "అమ్మా, అనుమానం వస్తే చెప్పమన్నారు కదా, మాకేం రాలేదు. ఫోనులో కెప్టెన్ గారు మా వదిన కాసులపేరు అడిగారు, వాళ్ళ మనిషి వచ్చి మా ఇంట్లో కూర్చుని తింటున్నాడు. వెళ్ళొస్తానమ్మా."

సుభాషిణమ్మ కుర్చీలోంచి లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఒక చేత్తో పోలీసులకి ఫోను, ఇంకో చేత్తో చెప్పులు.

ఇక్కడ ఇంట్లో ఆ మనిషి నుదుట చెమట కారుతోంది. నూకరత్నం మంచినీళ్ళు తెచ్చింది. వాడు గ్లాసు అందుకుంటూ అలవాటు కొద్దీ అనేశాడు.

"తిన్నారా రత్నం గారూ?"

నూకరత్నం చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ గొంతు! సముద్రం లేదు, టోపీ లేదు, గొంతు మాత్రం అదే. ఆవిడ కాసేపు వాడి ముఖంలోకి చూసింది. మిగతా విషయాల్లో ఎంత అమాయకురాలైనా, ఆ ఒక్క మాటకోసం ఎన్నాళ్ళు ఎదురుచూసిందో, అది పలికిన గొంతుని మర్చిపోతుందా?

"రోజూ నన్ను అడిగింది నువ్వేనా బాబూ?"

వాడు తల దించుకున్నాడు. నోట్లో తాండ్ర, మింగలేడు, కక్కలేడు.

"కెప్టెన్ లేడా?"

తల అడ్డంగా ఊపాడు.

నూకరత్నం అక్కడే చతికిలపడి కూర్చుంది. కళ్ళొత్తుకుంది. తరవాత దిమ్మల వైపు చూసింది, వాటిలో ఎక్కడో ఆయన తెచ్చిన కాసులు. "ఇన్నాళ్ళూ తిన్నారా, తిన్నారా అని నువ్వే అడిగావు. ఒక్కసారీ నేను నిన్ను అడగలేదు. తప్పు నాదే," అని లేచి, చీర కొంగు బిగించి, దిమ్మల దొంతర లాక్కొచ్చి వాడి ముందు పెట్టింది. "తిను. నా నగ దొరికేదాకా తిను. గవర్రాజూ, తలుపు వెయ్యరా."

"అమ్మా, వద్దమ్మా! నన్ను పోలీసులకి ఇచ్చెయ్యండమ్మా!"

"పోలీసులు వచ్చేదాకా తిను."

పోలీసు జీపు గేటు దగ్గర ఆగిన నిమిషానికే లోపల 'ఠక్' మని చప్పుడు, దాని వెనకే ఒక కేక. పన్ను విరిగింది. తాండ్రలోంచి కాసు అంచు మెరిసింది. నూకరత్నం గబుక్కున దిమ్మ లాక్కుని, నోటితోనే కొరికి కొరికి, కాసులపేరు బయటికి తీసింది. బెల్లం పట్టి జిగురుజిగురుగా ఉంది. అలాగే మెడలో వేసుకుంది. చీమలు పట్టినా సరే తీయనంది.

హెడ్డు కానిస్టేబులు కామేశ్వర్రావు వాడి చొక్కా పట్టుకున్నాడు. అసలు పేరు సన్యాసిరావుట. ఓడ మాట అటుంచి, కాలవలో పడవ కూడా ఎక్కి ఎరగట్ట. ఇలాగే ఎంతోమంది ఒంటరి పెద్దవాళ్ళని ఏడిపించాడుట.

"వీడు మిమ్మల్ని మోసం చేశాడని రాసుకోమంటారా అమ్మా?" అన్నాడు హెడ్డు.

గవర్రాజు అడ్డం వచ్చాడు. "ఉన్నమాట రాసుకోండి బాబూ. ఆయన అడిగాడు, మేం పంపాం. ఆయనకి అందలేదు. పైగా పన్ను పోయింది. మోసపోయింది ఆయనే."

"అవున్సార్," అన్నాడు సన్యాసిరావు ఏడుస్తూ. "అదే రాసుకోండి సార్."

జీపు వెనకాలే వచ్చిన సుభాషిణమ్మ గవర్రాజుని, బుల్లెమ్మని పక్కకి పిలిచి చీవాట్లు పెట్టింది. ముఖం చూస్తే పంపమని తను అనలేదనీ, డబ్బయినా బంగారమైనా పంపేది ఒకటేననీ అరిచి గొంతు పోగొట్టుకుంది. ఆఖరికి మెల్లగా చెప్పింది. "ఆవిడ నగకి ఆశపడలేదు, ఓడకి ఆశపడలేదు. ఒక్క పలకరింపు కోసం ఇంత దాకా వచ్చింది. ఆ మాటేదో మీరే అడిగితే మీ సొమ్మేం పోయింది?"

అంతే, ఆ పూట నించీ మొదలు. నూకరత్నం ముద్ద కలిపితే, "తిన్నావా అక్కా?" నోట్లో పెట్టుకుంటే, "తిన్నావా వదినా?" మింగేలోపు మళ్ళీ, "తిన్నావా?" ఆవిడ జవాబు చెప్పడానికే సరిపోయి అన్నం చల్లారిపోయేది. అయినా ఒక్కసారీ విసుక్కోలేదు. ప్రతిసారీ, "తింటున్నానురా" అనేది.

హెడ్డు కానిస్టేబులు జీపు ఎక్కుతూ చెప్పిన మాట మాత్రం గవర్రాజుని నిద్రపోనివ్వలేదు. "ఆ నగని ఈసారి దొంగకి తెలియని చోట దాచుకోండి." తెలియని చోటు అంటే ఏ చోటు? ఎవడికి తెలియదో వాణ్ణే అడగాలి గదా! మర్నాడు పొద్దున్నే ముగ్గురూ స్నానాలు చేసి స్టేషనుకి వెళ్ళారు. కటకటాల వెనక సన్యాసిరావు దవడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"బాబూ, మా ఇంట్లో బియ్యం డ్రమ్ము నీకు తెలుసా?" అన్నాడు గవర్రాజు.

"తెలుసు. వంటింటి తలుపు పక్కన."

"అయితే అది వద్దు. అటక?"

"తెలుసు. నిన్న పొద్దుగూకులూ దాని కిందేగా కూర్చున్నాను."

"దేవుడి గూడు?"

"తెలుసు."

"వీడికి అన్నీ తెలుసండీ," అంది బుల్లెమ్మ దిగులుగా. అంతలో ముఖం వెలిగింది. "పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పాత కుండ ఒకటి బోర్లించి ఉంటుంది, గోడ వైపు. అది తెలుసా?"

సన్యాసిరావు దవడ మీంచి చెయ్యి తీశాడు. "తెలీదు."

"ఒట్టు?"

"ఒట్టండీ. పెరట్లోకే రాలేదు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పొంగిపోయారు. "దొరికింది చోటు!" అన్నాడు గవర్రాజు. "కుండ కిందే పెట్టేద్దాం. పెరటి తలుపుకి గడియ కూడా లేదు, ఎప్పుడు కావాలన్నా తీసి చూసుకోవచ్చు. బాబూ, ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

హెడ్డు కానిస్టేబులు బల్ల మీద తల పెట్టుకున్నాడు. ముగ్గురూ మెట్లు దిగారు. నూకరత్నానికి ఏదో తోచి వెనక్కి వచ్చింది.

"హెడ్డు గారూ, ఆ అబ్బాయిని ఎప్పుడు వదుల్తారండీ?"

"మీకెందుకమ్మా?"

"వదిలిన రోజు ఒకసారి మా ఇంటికి పంపండి. ఆ కుండ ఎత్తి చూపించి, ఇంకా తెలీకుండానే ఉందో, ఈలోగా తెలిసిపోయిందో, కనుక్కుని పంపేస్తాం."